చెవి మేస్త్రీ విన్న చప్పుడు

ప్లంబర్లు మామూలుగా చేతులతో బతుకుతారు. ఆ వీధిలో ఒకాయన మాత్రం చెవితో బతుకుతున్నానని చెప్పుకునేవాడు. అందుకే అందరూ ఆయన్ని చెవి మేస్త్రీ అనేవాళ్ళు. ఆయన బతుకుతున్నది నిజానికి నోటితో అని టీ కొట్టు పిన్ని అభిప్రాయం. అయినా ఆవిడ ఆ మాట పైకి అనేది కాదు. ఆయన కథ మొదలుపెట్టాడంటే బెంచీ మీద ఒక్కొక్కరూ రెండేసి టీలు తాగుతారు మరి.

ఆ ఉదయం పొగమంచు బాగా దిగింది. ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డు కూడా కనపడటం లేదు. వీధిలో మనుషులు ఉన్నట్టుండి మంచులోంచి బయటపడి, నాలుగడుగులు వేసి, మళ్ళీ మంచులో కలిసిపోతున్నారు. కొట్టు రేకు కింద బెంచీ మీద టైలరూ, రిటైరైన పోస్ట్‌మాన్ బాబాయీ కూర్చున్నారు. వాళ్ళకి కాస్త ఎడంగా, బెంచీ చివర, ఒక నడివయసు ఆడమనిషి ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. ఆమెని అక్కడ ఎవరూ ఎరగరు.

ఆమె సిటీ బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. యూనిఫాం లేకుండా వచ్చింది కాబట్టి గుర్తుపట్టేవాళ్ళు లేరు. టీ కోసం రాలేదు. ఈ చెవి మేస్త్రీని వెంటబెట్టుకుని ఇంటికి తీసుకుపోదామని వచ్చింది. ఇంట్లో వాళ్ళమ్మ వెనక గదిలో నేలకి చెవి ఆనించి పడుకుంది. నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు. ఆ నేల కింద మట్టి ఎప్పుడో కొట్టుకుపోయింది. కాలితో తడితే ఖాళీ డబ్బాలా మోగుతోంది. గోడకి చెయ్యి దూరేంత పగులు వచ్చింది. లేమ్మా, ముందు గదిలోకి రామ్మా అని కాళ్ళావేళ్ళా పడినా ఆవిడది ఒకటే మాట. "మీ నాన్న కింద ఉన్నాడు. మేస్త్రీయే విని చెప్పాడు. ఆ మేస్త్రీ వచ్చి కాదంటే అప్పుడు లేస్తాను."

మేస్త్రీకి ఫోన్లు చేసి చేసి కండక్టరమ్మ వేలు అరిగిపోయింది. మొదట్లో ఇదిగో వస్తున్నానన్నాడు, తర్వాత రేపన్నాడు, ఆ తర్వాత ఎత్తడమే మానేశాడు. చివరికి, పొద్దున్నే ఈ కొట్టు దగ్గర ఉంటాడని కనుక్కుని, పక్కింటి వదినని అమ్మ దగ్గర కూర్చోబెట్టి తనే బయల్దేరి వచ్చింది. విచిత్రమేమిటంటే ఆమె ఆ మేస్త్రీని ఎప్పుడూ చూడలేదు. పదకొండేళ్ళ కిందట వెనక గదికి పైపు వేసినప్పుడూ డ్యూటీలోనే ఉంది, మొన్నీమధ్య ఆయన ఇంటికొచ్చి నేల విన్నప్పుడూ డ్యూటీలోనే ఉంది. కానీ ఇప్పుడు ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ఆయన్ని ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. ఖాళీ టీ గ్లాసుని చొక్కా అంచుతో తుడిచి చెవికి ఆనించుకుని చూసేవాడు ఊరంతటికీ ఒక్కడే ఉంటాడు.

ఆమె లేవబోయింది. అంతలోనే ఆయన మొదలుపెట్టేశాడు.

"ఏముంది, చిన్న విషయమే. డాక్టరు గారింట్లో నీళ్ళ ట్యాంకు ఎంత నింపినా పొద్దున్నకి సగం ఖాళీ. కుళాయిలన్నీ మూసే ఉన్నాయి, గోడల్లో చెమ్మ లేదు, నీళ్ళు ఎటు పోతున్నాయో ఎవడికీ అంతుపట్టలేదు. నలుగురు ప్లంబర్లు వచ్చి నాలుగు చోట్ల తవ్వి, నాలుగు గోతులు మిగిల్చి పోయారు. నేను వెళ్ళాను. గడ్డపార పట్టుకెళ్ళానా? లేదు. స్టీలు గ్లాసు. హాల్లో బోర్లించి చెవి పెట్టాను. ఇక్కడ కాదు, అక్కడ అన్నాను. తవ్వారు. కారుతోంది. అంతే."

"అంతేనా?" అన్నాడు టైలర్, కాస్త నిరాశగా.

"ప్లాస్టిక్ పైపులో చప్పుడు దూరం పోదంటారే మేస్త్రీ?" అన్నాడు పోస్ట్‌మాన్ బాబాయ్. "ఇనప పైపయితే ఈ చివర తడితే ఆ చివర వినబడుతుంది గానీ, ప్లాస్టిక్‌లో నాలుగడుగులు పోయేసరికి చచ్చిపోతుందట. మా అల్లుడు నీళ్ళ ఆఫీసులోనే పనిచేస్తాడు, వాడు చెప్పాడు."

"మీ అల్లుడి చెవికి పోదు బాబాయ్," అన్నాడు మేస్త్రీ. "నా చెవి సంగతి వేరు. ఆ మాటకొస్తే నేను విన్నవాటిల్లో సగం పైకి చెప్పకూడదు. ఒకటుంది. మూడు నెలలైంది. ఇప్పటికీ తలుచుకుంటే ఇదిగో, చేతి మీద వెంట్రుకలు చూడండి."

టైలర్ వంగి చూశాడు. వెంట్రుకలు మామూలుగానే ఉన్నాయి. అయినా మర్యాద కోసం తల ఊపాడు.

"ఎవరిల్లో చెప్పను, అది వృత్తి మర్యాద. ఒక పెద్దావిడ కబురంపింది. గది నేల కింద ఏదో చప్పుడవుతోంది మేస్త్రీ, నీళ్ళేమో చూసిపో అని. వెళ్ళాను. గది చూస్తే మామూలు గదే. మంచం, ఇనప బీరువా, కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి ఆగిపోయిన గడియారం. బయట ఎండ మాడ్చేస్తోందా, లోపల అడుగు పెట్టేసరికి చలి! నేల మీద తడి లేదు. కానీ అరికాలు పెడితే, తడి కిందనుంచి కాలిలోకి పాకుతున్నట్టుంటుంది. ఆవిడ నా వెనకాల నిలబడి ఊపిరి కూడా తీసుకోవడం లేదు."

కండక్టరమ్మ చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆగిపోయిన గడియారం. రోజూ దానికి కీ ఇచ్చే మనిషి పోయాక ఆ ఇంట్లో ఎవరూ ఇవ్వలేదు. ఇతగాడు తన ఎదురుగా కూర్చుని తన ఇంటి కథే చెబుతున్నాడు. ఆమె సంచి మీద చెయ్యి వేసి, లేవకుండా అలాగే కూర్చుంది. టిక్కెట్టు లేని మనిషిని మధ్యలో ఆపితే జారిపోతాడు, చివరిదాకా చెప్పనిస్తేనే దొరుకుతాడు అన్నది ఇరవై రెండేళ్ళుగా ఆమెకి తెలిసిన విద్య.

"గ్లాసు బోర్లించాను. చెవి ఆనించాను. ఏం వినబడి ఉంటుందో చెప్పండి."

"నీళ్ళు," అన్నాడు టైలర్.

"అదే మరి! అందరూ అదే అంటారు. నీళ్ళయితే ఇంత సేపు ఎందుకు చెబుతాను? ఊపిరి తమ్ముడూ, ఊపిరి. లోపలికి ఒకటి, బయటికి ఒకటి. నిద్రపోతున్న మనిషి ఊపిరి కాదు. మేలుకుని, మన మాటలు వింటూ, చప్పుడు కాకుండా తీసుకుంటారే, ఆ ఊపిరి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను వేలితో నేల మీద మూడుసార్లు తట్టాను. కిందనుంచి మూడుసార్లు తట్టారు. రెండు తట్టాను. రెండు. సరేలే, ఏదో నా పిచ్చి అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత, నేను తట్టకుండానే, ఒకటి."

పిన్ని టీ పోస్తూ పోస్తూ ఆగిపోయింది. మంచులో ఎవరిదో సైకిల్ గంట ఒక్కసారి మోగి ఊరుకుంది. పొయ్యి మీద కెటిల్ మాత్రం సన్నగా ఉస్సుమంటోంది.

"అప్పుడు ఆవిడతో ఏమన్నావు?" అంది పిన్ని.

"ఉన్నమాటే అన్నాను. అమ్మా, ఇది నీళ్ళు కాదు. ఈ పైపు పదకొండేళ్ళ కిందట నా చేత్తో వేశాను, నేను వేసిన పైపు కారదు. ఇందులో ఇంకెవరో ఉన్నారు అన్నాను. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నవ్వింది. నవ్వి, నేల మీద కూర్చుండిపోయింది."

ఆ నవ్వు కండక్టరమ్మకి తెలుసు. ఆ సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి అమ్మ ముఖం మీద ఇంకా అలాగే ఉంది. నాన్న పోయాక ఏడాదికి మొదటిసారి చూసిన నవ్వు. అది చూసి సంతోషపడాలో భయపడాలో తెలియక, గుమ్మంలో చెప్పులు విప్పడం మర్చిపోయి నిలబడింది. నాన్నకి అమ్మని పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. గుమ్మంలో నిలబడి 'ఇష్ష్' అనేవాడు. ఆ ఇంట్లో ఆ చప్పుడుకి ఒకటే అర్థం. వంటింట్లో ఎన్ని గిన్నెలు మోగుతున్నా అమ్మకి ఆ ఒక్కటీ వినబడేది, చేతులు తుడుచుకుంటూ వచ్చేసేది. నిన్నటిదాకా నేల కింద రాత్రింబగళ్ళూ అదే చప్పుడు. కండక్టరమ్మకి నీళ్ళని తెలుసు. తెలిసి కూడా ఒక్కోసారి ఆ గది ముందు నుంచి నడుస్తూ ఆగిపోయేది.

"అక్కడితో ఊరుకుంటే నేను చెవి మేస్త్రీని ఎందుకవుతాను?" మేస్త్రీ గ్లాసుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "ఆ ఊపిరి ఎక్కడినుంచి వస్తోందో చూద్దామని బయల్దేరాను. నేల మీద పొట్టతో పాకుతూ, నాలుగడుగులకోసారి గ్లాసు పెట్టి వింటూ. మీరు నమ్మరు, మూడు పగళ్ళు పాకాను. చొక్కా బొత్తాలు అరిగిపోయాయి. స్కూలు కింద నుంచి, బస్టాండు కింద నుంచి, ఆసుపత్రి కింద నుంచి. అప్పుడు తెలిసింది నాకు అసలు రహస్యం. ఇనప పైపుంది చూశారూ, అది తుప్పుపడుతుంది, విన్నదంతా మర్చిపోతుంది. ప్లాస్టిక్‌కి తుప్పు లేదు, మరుపూ లేదు. కుళాయి దగ్గర మనిషి నోట్లోంచి ఊడిపడిన ప్రతి మాటా అందులో ఉండిపోతుంది. గిన్నెలు కడుగుతూ గొణుక్కునేవి, ముఖం కడుక్కుంటూ తిట్టుకునేవి, అన్నీ. అన్నిటికన్నా ఎక్కువ ఏమున్నాయో తెలుసా? ఏడుపులు. పక్క గదిలోవాళ్ళకి వినబడకూడదని కుళాయి విప్పుకుని ఏడుస్తారు చూడండి, అవి. ఈ వీధి కింద ఎన్ని ఉన్నాయో మీకు తెలీదు. మనం ఇప్పుడు వాటి మీదే కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం."

టైలర్ మెల్లగా కాళ్ళు ఎత్తి బెంచీ మీద పెట్టుకున్నాడు. పిన్ని ముఖం అటు తిప్పుకుని, అవసరం లేకపోయినా కెటిల్ మూత తీసి చూసింది. కండక్టరమ్మ చూపు తన కాళ్ళ కింద నేల మీదికి పోయింది. నాన్న పోయిన నెలంతా ఆమె స్నానాల గదిలో బకెట్టు నిండిపోయి పొర్లుతున్నా కుళాయి కట్టేది కాదు. ఆ సంగతి అమ్మకి తెలీదు. ఈ మనిషికి ఎలా తెలిసిందని ఒక్క క్షణం నిజంగా భయం వేసింది. వెంటనే తెలియకేముంది, ఇళ్ళల్లో తిరిగేవాడు కదా అని సర్దుకుంది గానీ, ఒంటి మీద జలదరింపు పోలేదు.

"మూడో రోజు ఊరి చివర ఖాళీ స్థలంలో చప్పుడు నిలువుగా కిందకి దిగింది. గడ్డపార అందుకున్నాను. నిలువెత్తు తవ్వాను, లేదు. బావిలోతు తవ్వాను, లేదు. మూడంతస్తుల మేడంత లోతు తవ్వాను. పైకి చూస్తే ఆకాశం చొక్కా బొత్తమంత. అక్కడ కనపడింది. పైపు! ఎవరూ వెయ్యని పైపు. ఒక్క అతుకు లేదు, ఒక్క వంపు లేదు, చెయ్యి వేస్తే చంటిపిల్ల ఒంటిలా వెచ్చగా ఉంది."

"అంత లోతులో నీకు ఊపిరెలా ఆడింది?" అన్నాడు బాబాయ్.

"దాని ఊపిరే పీల్చుకున్నాను బాబాయ్. అది వదిలినప్పుడు నేను పీల్చాను, నేను వదిలినప్పుడు అది పీల్చింది. ఇద్దరం వంతులవారీగా."

బాబాయ్ నవ్వుదామనుకున్నాడు. ఎందుకో నవ్వు రాలేదు. మంచు ఇప్పుడు కొట్టు రేకు కిందికి కూడా వచ్చేసింది. పిన్ని ముఖం ఉండి లేనట్టు కనపడుతోంది.

"రంపం పెట్టి కోశాను. నీళ్ళు రాలేదు. చుక్క లేదు. లోపల చీకటి. ఆ చీకట్లోంచి 'ఎవరూ?' అని వినబడింది. ఎవరి గొంతనుకున్నారు? నా గొంతే! నేను అడగబోయిన మాట అది ముందే అడిగేసింది. నేను భయపడ్డానా? నా ఒంట్లో ఆ నరమే లేదు. భుజం దాకా చెయ్యి లోపల పెట్టాను. పెట్టగానే..."

"ఆఁ, పెట్టగానే?" టైలర్ గొంతు కీచుమంది.

"ఎవరో పట్టుకున్నారు. గట్టిగా కాదు. చల్లగా, మర్యాదగా, పలకరించడానికి పట్టుకున్నట్టు. పట్టుకుని వదల్లేదు. పాపం, ఎన్నాళ్ళయిందో ఇంకో మనిషి చెయ్యి తగిలి. ఆ తర్వాత మాట్లాడాడు. ఆ పెద్దావిడ భర్త, ఏడాది కిందట పోయినాయన."

"ఏమన్నాడు?"

అందరూ బెంచీ చివరికి తిరిగారు. అంతసేపు నోరు మెదపని ఆడమనిషి అడిగింది. అడిగాక ఆమెకే తెలిసింది, తను అది పరీక్ష కోసం అడగలేదని. ఇదంతా కోతలని తెలుసు. తెలిసి కూడా ఆమెకి నాన్న ఏమన్నాడో వినాలనిపించింది. అబద్ధమైనా సరే, ఒక్క మాట.

కొత్త శ్రోత దొరికిందని మేస్త్రీ ఆమె వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు. "ఏమన్నాడా తల్లీ! ముందు ఆవిడని పేరు పెట్టి పిలిచాడు. నోరారా, ముద్దుగా, నాలుగుసార్లు పిలిచాడు. పిలిచి, 'నేను ఇక్కడే ఉన్నానని చెప్పు, మేస్త్రీ. ఎవరొచ్చినా ఆ నేల మాత్రం తవ్వనివ్వొద్దని చెప్పు' అన్నాడు."

కండక్టరమ్మ ఊపిరి వదిలింది. పేరు పెట్టి పిలిచాడట. నలభై ఏళ్ళ కాపురంలో ఒక్కసారి పిలవని మనిషి, చచ్చిపోయాక, పైపులోంచి, ఒక ప్లంబరుకి వినబడేలా నాలుగుసార్లు పిలిచాడట. పైగా నేల తవ్వొద్దట. తవ్వితే ఎవరి గుట్టు బయటపడుతుందో ఆమెకి నిన్నే తెలిసింది. కోపం వచ్చింది. ఆమె కోపం వస్తే అరిచే రకం కాదు.

"మరి ఆ కోసిన పైపుని అలాగే వదిలేసి వచ్చారా మేస్త్రీ గారూ?" అంది మెత్తగా.

"వదిలేస్తానా! చేతిలోంచి చెయ్యి విడిపించుకుని, ఆ రెండు ముక్కలకీ జిగురు రాసి అతికించి, నా గుర్తు గీసి మరీ పైకొచ్చాను. మూడు నీలి గీతలు. మధ్య గీతకి చివర చిన్న కొక్కెం. నా చేతి అతుకు మీద అది ఉండి తీరుతుంది. ఆ గీతలున్న చోట నీళ్ళు కాదు కదా, ప్రాణం కూడా కారదు."

"ఇంకెవరూ ఆ గుర్తు వెయ్యరా?"

"ఎవడికుంది ఆ ధైర్యం?"

"గీతలు ఎప్పుడు గీస్తారు? జిగురు పెట్టక ముందా, పెట్టాకా?"

మేస్త్రీకి ఈ ప్రశ్న ఎంతో నచ్చింది. పని గురించి ఇంత శ్రద్ధగా ఆయన్ని ఎవరూ అడగరు. "మంచి ప్రశ్న అడిగావమ్మా. జిగురు పెట్టక ముందే. పైపులన్నీ ముందు ఉత్తినే తొడుగుతాం, కొలతలు సరిపోయాయో లేదో చూడ్డానికి. సరిపోతే పైపు మీదా, మలుపు దగ్గర తొడిగే ఎల్బో మీదా కలిపి గీతలు గీస్తాం. మళ్ళీ అన్నీ ఊడదీసి, జిగురు రాసి, గీతకి గీత ఆనేట్టు తోసి, ఊపిరి బిగబట్టి ముప్ఫై అంకెలు లెక్కపెడతాం. ఇక అంతే. ఆ అతుకు రెండు లారీలు కట్టి చెరోవైపు లాగినా రాదు. కావాలంటే పైపే విరుగుతుంది."

"లారీలు ఎందుకులెండి," అంది కండక్టరమ్మ. ఒళ్ళో సంచిలో చెయ్యి పెట్టి, మట్టి కొట్టుకున్న ఒక పైపు ముక్క తీసి బెంచీ మీద పెట్టింది. మోచెయ్యిలా వంగిన ఎల్బో, దానికి అటో జానెడు ఇటో జానెడు పైపు, రెండు చివరలా రంపంతో కోసిన గుర్తులు. రెండు అతుకుల మీదా మట్టిలోంచి నీలంగా మూడేసి గీతలు. మధ్య గీతకి చివర చిన్న కొక్కెం.

"ఇవి మీ గీతలేనా?"

మేస్త్రీ ముక్కని చేతిలోకి తీసుకోలేదు. తీసుకోకుండానే చూశాడు. "గీతలు... ఆఁ, గీతలు నావే. ఇది ఎక్కడిదమ్మా?"

ఆమె ముక్కని టైలర్ చేతికిచ్చింది. "ఈ వైపు అతుకు లాగి చూడన్నా." టైలర్ కాళ్ళు కిందికి దించి, పళ్ళు బిగించి లాగాడు. మెలితిప్పాడు. రాలేదు.

"చూశారా!" అన్నాడు మేస్త్రీ. గొంతులోకి కొంత బలం వచ్చింది.

"ఇప్పుడు ఆ వైపుది మేస్త్రీ గారికివ్వు."

బెంచీ మీద అందరూ చూస్తున్నారు. మేస్త్రీ ముక్క అందుకుని, రెండో అతుకుని లాగాడు, లాగినట్టు నటించాడు. బస్సులో జేబులన్నీ వెతుక్కుంటున్న మనిషి ముందు నిలబడ్డట్టే, కండక్టరమ్మ చెయ్యి చాపి నిలబడింది. ఆయన మళ్ళీ పట్టుకుని కొద్దిగా తిప్పాడు. పైపు ఎల్బోలోంచి చిన్న చప్పుడు కూడా లేకుండా ఊడి చేతిలోకి వచ్చింది. చివర తెల్లగా, నున్నగా, కొట్లోంచి కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. జిగురు మరక ఒక్కటి లేదు. గీతలు మాత్రం చక్కగా గీసి ఉన్నాయి.

"ఉత్తినే తొడిగావు," అన్నాడు పోస్ట్‌మాన్ బాబాయ్ నెమ్మదిగా. "గీత గీశావు. జిగురు పెట్టడం మర్చిపోయావు."

"పదకొండేళ్ళు మట్టి బిగింపు మీద ఆగింది," అంది కండక్టరమ్మ. "నాలుగు నెలలుగా కారుతోంది. నిన్న నా సెలవురోజు గోడ బయట నేనే తవ్వి తీశాను. గదిలో తవ్వడానికి మా అమ్మ ఒప్పుకోలేదు. ఆ పెద్దావిడ మా అమ్మే మేస్త్రీ గారూ."

పిన్ని పొయ్యి దగ్గర నుంచి ఇవతలికి వచ్చింది. టైలర్ ఆ ఊడిన ముక్క వైపు, మేస్త్రీ వైపు మార్చి మార్చి చూశాడు.

మేస్త్రీకి కథ అల్లడం కొత్త కాదు. ఆ క్షణంలో కూడా ఆయన పెదాలు కదిలాయి. "బహుశా ఆ లోపలున్న మనిషే జిగురుని..." అని మొదలుపెట్టాడు. ఎవరూ ఊఁ కొట్టలేదు. కథ అక్కడే ఆగిపోయింది. అంత పెద్ద మనిషి చేతిలో రెండు ముక్కలు పట్టుకుని, ఏది ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

"నిన్న వాల్వు కట్టేశాను. చప్పుడు ఆగిపోయింది," అంది కండక్టరమ్మ. "మా అమ్మ ఏమంటోందో తెలుసా? మీ నాన్న నోరు నొక్కేశావే అంటోంది. నేల డొల్లయిపోయింది. ఎప్పుడు కుంగుతుందో తెలీదు. ఆవిడ దాని మీదే పడుకుని, మళ్ళీ పిలుస్తాడేమోనని చెవి పెట్టి వింటోంది. నేను చెబితే నమ్మదు, ఇరుగూపొరుగూ చెబితే నమ్మదు. మేస్త్రీ వచ్చి కాదంటేనే లేస్తానంది. మిమ్మల్ని తిట్టడానికి రాలేదు. పరిహారం అడగడానికీ రాలేదు. వచ్చి ఒక్క మాట చెప్పండి. ఆవిడని ఆ గదిలోంచి లేపండి. అంతే."

"ఏమని చెప్పాలి?" అన్నాడు మేస్త్రీ. ఆ గొంతు ఆ బెంచీ మీద ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"జిగురు పెట్టడం మర్చిపోయానని."

ఆయన ఆ మాటని లోలోపల అని చూసుకున్నట్టున్నాడు. పెదాలు కదిలాయి గానీ చప్పుడు రాలేదు. సగం తాగిన రెండో టీ అక్కడే వదిలేసి, చెప్పులు తొడుక్కున్నాడు. అలవాటు కొద్దీ తను చెవికి పెట్టే స్టీలు గ్లాసు జేబులో పెట్టుకోబోయాడు.

"అది ఇక్కడ ఉంచి వెళ్ళు మేస్త్రీ," అంది పిన్ని. ఆయన దాన్ని బెంచీ మీద బోర్లించాడు.

కండక్టరమ్మ పైపు ముక్కలు తీసుకుని సంచిలో వేసుకుంది. ఇద్దరూ మంచులోకి నడిచారు. నాలుగడుగులు వేసేసరికి కొట్టు కనపడటం మానేసింది. ఆయన ఆమె కన్నా అరడుగు వెనక నడుస్తున్నాడు. కండక్టరమ్మకి అడగాలని లేదు, కానీ అడగకుండా ఇంటిదాకా నడవలేననిపించింది.

"ఆ రోజు గ్లాసు పెట్టి అంతసేపు విన్నారటగా. నిజంగా ఏం వినబడింది?"

మేస్త్రీ మలుపు దాకా అలాగే నడిచాడు. అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక, ఎక్కడో కనపడని కొట్టు దగ్గర, పిన్ని కెటిల్ మూత తీసినట్టుంది. మంచులోంచి, వీపు వెనక నుంచి, దగ్గరగా, ఎవరో గుమ్మంలో నిలబడి పిలిచినట్టు వినబడింది.

ఇష్ష్.

అన్నీ తెలిసి, పైపు ముక్కలు సంచిలో పెట్టుకుని కూడా, కండక్టరమ్మ చటుక్కున వెనక్కి తిరిగింది. వీధిలో తెల్లటి మంచు తప్ప ఎవరూ లేరు.

"నీళ్ళేనమ్మా," అన్నాడు చెవి మేస్త్రీ, తల వంచుకుని. "ఆ రోజు కూడా నీళ్ళే. చెవి పెట్టగానే తెలిసింది."